ఊపిరాడే నిశ్శబ్దం

ఆరు నెలలు పట్టిన పనిలో మొదటి రెండు నెలలూ శబ్దం ఊసే ఎత్తలేదు. నీటితోనే సరిపోయింది.

పెరట్లో ఓ మూలనున్న పాత కొట్టుగది అది. ఇటుక గోడలు, రేకుల కప్పు, కాంక్రీటు నేల, ఒక తలుపు, ఒక కిటికీ. లోపల విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన పనిముట్లు, పారేయడానికి ఎవరూ ఒప్పుకోని పెట్టెలు. నేను ఆడియో పుస్తకాలు చదువుతాను, మా అమ్మాయి వయొలిన్ వాయిస్తుంది. ఇంట్లో దుప్పట్లు కట్టుకుని, ఫ్యాన్లు ఆపుకుని, కాసేపు ఎవరూ మాట్లాడవద్దని అందరినీ బతిమాలుకుని రికార్డింగులు చేసి విసిగిపోయాం. కొట్టుగది ఖాళీ చేసి, గోడలకు స్పాంజి అతికించి, మైకు పెట్టేస్తే స్టూడియో తయారైపోతుందనుకున్నాను. అంత అమాయకత్వం లేకపోతే ఈ పనికి దిగేదాన్నే కాదేమో.

సామాన్లు తీసేశాక గోడల అడుగుభాగం బయటపడింది. మోకాలి ఎత్తు దాకా పెళ్లలు ఊడి, తెల్లని ఉప్పు పొడి పేరుకుని ఉంది. చెమ్మ కనిపించకుండా ఎప్పుడో ఎవరో దాని మీద సిమెంటు పూత వేయించారు. మేస్త్రీ వేలితో తట్టి చూసి, "ఇది చెమ్మను ఆపలేదమ్మా, దాచిపెట్టింది" అన్నారు. పాత ఇటుక గోడ నేలలోని నీటిని పీల్చుకుంటుంది. పైన సున్నపు పూత ఉంటే ఆ నీరు మెల్లగా ఆవిరైపోతుంది. సిమెంటుతో ఆ దారి మూసేస్తే నీరు గోడలోనే ఉండిపోయి, మరింత పైకి పాకుతుంది. అలాంటి గోడ ముందు చెక్క చట్రం నిలబెట్టి రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన ఉన్ని) నింపితే ఏడాది తిరిగేసరికి బూజుకు ఇల్లు కట్టినట్టే.

సిమెంటు పూతను మీటరు ఎత్తు దాకా చెక్కించాం. బయట ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి గదిలోని నేల మట్టం కంటే ఎత్తుకు చేరింది. దాన్ని తవ్వి తీసి, నీరు గోడ వైపు రాకుండా వాలు పెట్టించాం. కప్పు అంచున వాననీరు పోయే కాలువ అమర్చాం. ఆ తర్వాత చేయాల్సిన పని ఏమీ లేదు, ఎదురుచూడటమే. నేల మీద ఒక ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగు అంచులకూ టేపు అంటించి, రెండు రోజుల తర్వాత ఎత్తి చూశాను. కింద నీటి చుక్కలు. నెల గడిచాక మళ్ళీ అదే పరీక్ష. ఈసారి పొడిగా ఉంది. గోడకు సున్నపు పూత వేయించి, అప్పుడు శబ్దం సంగతికి వచ్చాం.

స్పాంజి ముచ్చట ముందే తీర్చుకున్నానని ఒప్పుకోవాలి. చెమ్మ పని నడుస్తుండగానే, పొడిగా ఉన్న పై భాగమంతా స్పాంజి పలకలు అంటించాను. లోపల పాట పెట్టి, బయట నిలబడి శబ్దమాపకంతో కొలిచాను. అంటించకముందు ఎంత ఉందో, అంటించాక కూడా అంతే. గాలిని తన గుండా పోనిచ్చే వస్తువు శబ్దాన్నీ పోనిస్తుంది. గుడ్ల అట్టలదీ ఇదే కథ. అవి చేసే మేలు ఇంకా తక్కువ. స్పాంజి చేయగలిగింది గది లోపలి ప్రతిధ్వనిని కాస్త మింగడం. బయటి శబ్దం లోపలికి రాకుండా చేయడం వేరే పని. దానికి బరువు కావాలి, అతుకుల్లో ఎక్కడా సందు లేకుండా ఉండాలి.

అయితే బరువుతో కూడా చాలా దూరం పోలేం. గోడ బరువును రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం 6 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలత) లాభం, ఆచరణలో అంతకంటే కొంచెం తక్కువే. మన చెవికి శబ్దం సగానికి తగ్గినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి. ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పోతే గది మిగలదు. అందుకని గది లోపల ఇంకో గది: పాత గోడను ఎక్కడా తాకకుండా 25 మిల్లీమీటర్ల ఎడంతో చెక్క చట్రం, చట్రంలో రాక్‌వూల్, లోపలి ముఖానికి 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు రెండు వరసలు. రెండు గోడలనూ కలిపే మేకు ఒక్కటి ఉన్నా శబ్దం దాని మీదుగా నడిచి వచ్చేస్తుంది.

మేస్త్రీ ఇదంతా శ్రద్ధగా విని, "గోడ ఉండగా గోడ లోపల గోడ ఎందుకమ్మా?" అని అడిగారు. ఎన్ని విధాల చెప్పినా ఆయనకు నచ్చలేదు. పని మాత్రం నాకంటే నిష్ఠగా చేశారు.

వడ్రంగితో వచ్చిన చిక్కు వేరు. నేను లేని పూట ఆయన చట్రానికి వెనక వైపు కూడా, అంటే ఇటుక గోడ వైపు కూడా, బోర్డులు బిగించేశారు. "ఎంత ఎక్కువైతే అంత గట్టి కదా" అన్నారు. నాకూ ముందు సబబుగానే తోచింది. కానీ రెండు బరువైన పొరల మధ్య గాలి ఒక స్ప్రింగులా పనిచేస్తుంది. ఆ గాలి అర ఎంత లోతుగా ఉంటే ఆ స్ప్రింగు అంత మెత్తన, అంత కింది పౌనఃపున్యం (ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్క, హెర్ట్జ్‌లలో చెబుతారు) నుంచే గోడ పనిచేయడం మొదలుపెడుతుంది. మధ్యలో మూడో పొర పెట్టి అరను రెండుగా చీలిస్తే రెండు గట్టి స్ప్రింగులు తయారవుతాయి. లారీ ఇంజను, డ్రమ్ము దెబ్బ వంటి మంద్రధ్వనులు ఇదివరకటి కంటే హాయిగా దూరి వస్తాయి. బిగించిన బోర్డులన్నీ ఊడదీయించాను. ఆ సాయంత్రం వడ్రంగి నాతో మాట్లాడలేదు.

చట్రం నిలబెట్టే ముందు కాగితం మీద కొలతలు వేసుకోవడం నన్ను ఒక తప్పు నుంచి కాపాడింది. లోపలి గది పొడవు 5 మీటర్లు, వెడల్పు 3.4, ఎత్తు 2.5 వస్తుందని తేలింది. ఎదురెదురు గోడల మధ్య ధ్వని నిలిచి ఊగే పౌనఃపున్యం, అంటే అనునాదం, తెలియాలంటే సెకనుకు 343 మీటర్ల ధ్వని వేగాన్ని ఆ దూరానికి రెట్టింపుతో భాగించాలి. పొడవుకు 34.3 హెర్ట్జ్, దాని రెట్టింపు 68.6. వెడల్పుకు 50.4. ఎత్తుకు 68.6. అంటే పొడవు రెండో అనునాదమూ ఎత్తు మొదటి అనునాదమూ ఒకే చోట వచ్చి కూర్చుంటున్నాయి. ఆ ఒక్క స్వరం దగ్గర గది కుండలా మోగుతుంది. పొడవు సరిగ్గా ఎత్తుకు రెట్టింపు కావడమే కారణం. ఎత్తు తగ్గించడం నాకు ఇష్టం లేదు. వెనక గోడను 40 సెంటీమీటర్లు ముందుకు జరిపి పొడవు 4.6 చేశాం. ఇప్పుడు పొడవు వాటా 37.3, 74.6, ఎత్తుది 68.6, వెడల్పుది 50.4. ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా ఉన్నాయి. గదిలో 40 సెంటీమీటర్లు పోయినందుకు ఇంట్లో అందరూ బాధపడ్డారు. ఆ పోయిన చోటే తర్వాత మమ్మల్ని ఆదుకుంది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

కప్పు విషయంలో నేను సొంత తెలివి వాడలేదు, నిర్మాణ ఇంజనీరును పిలిపించాను. వాన పడితే రేకు డప్పులా మోగుతుంది కాబట్టి రేకులు విప్పి, వాసాల మీద మందపాటి ప్లైవుడ్ పరిచి, పైన నారపొర వేసి, మళ్ళీ రేకులు బిగించాం. లోపలి కప్పును వాసాలకు వేలాడదీయకుండా లోపలి గోడల మీదే నిలబెట్టాం. ఆ కప్పులోని రెండు వరసల జిప్సం బోర్డే దాదాపు 300 కిలోలు తూగుతుంది. తల మీద 300 కిలోలు పెట్టుకుని కూర్చునేటప్పుడు ఇంజనీరు సంతకం ఎంత ధైర్యమిస్తుందో అప్పుడు తెలిసింది.

ఇక సందులు. మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, ఎందుకంటే దీనికి ఓపిక తప్ప నైపుణ్యం అక్కర్లేదు. రాత్రి దీపాలన్నీ ఆర్పి, లోపల ఒకరు టార్చి పట్టుకుని మూలమూలలా తిప్పుతుంటే, బయట నేను వెలుగు ఎక్కడెక్కడ కనిపిస్తోందో సుద్దముక్కతో గుర్తు పెట్టాను. తలుపు కింద సెంటీమీటరు సందు ఉంది. తలుపు వైశాల్యంలో అది అరశాతమే. అయినా ఆ అరశాతం తెరిచి ఉంటే, తలుపు ఎంత బరువైనదైనా 23 డెసిబెల్స్ మించి ఆపలేదు. నేను అప్పటికే బరువైన తలుపు చేయించి గర్వంగా తిరుగుతున్నాను. చట్రం చుట్టూ రబ్బరు పట్టీలు, తలుపు మూసినప్పుడు కిందికి దిగి నేలను అదిమే పట్టీ పెట్టించాక గానీ ఆ బరువుకు అర్థం రాలేదు. పాత గోడకు ఒక తలుపు, లోపలి గోడకు ఇంకో తలుపు. బోర్డుల అతుకులన్నిటికీ ఆరినా గట్టిపడని సీలెంట్. ప్లగ్గుల కోసం లోపలి పొరకు రంధ్రాలు చేయకుండా తీగలన్నీ గొట్టాల్లో గోడ పైనే నడిపించాం. చూడటానికి అందంగా లేదు.

కిటికీని మూసేద్దామని అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు. పగలంతా దీపాల కింద కూర్చుని గంటల తరబడి చదవడం నా వల్ల కాదు. పాత గోడలో 10 మిల్లీమీటర్ల అద్దం, లోపలి గోడలో 6 మిల్లీమీటర్ల అద్దం, మధ్య ఎడం, అడుగున తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు. అద్దాల మందం వేరువేరుగా ఉండాలి. ఒకే మందమైతే రెండూ ఒకే పౌనఃపున్యం దగ్గర బలహీనపడతాయి. అద్దాలు బిగించి సీలెంట్ ఆరాక చూస్తే మధ్యలో ఒక ఈగ. మూడు రోజులు తిరిగి నాలుగో రోజు అడుగున పడింది. దాన్ని తీయాలంటే అద్దం మొత్తం ఊడదీయాలి. ఇప్పటికీ అక్కడే ఉంది.

సందులన్నీ మూసేశాక గది నిజంగానే నిశ్శబ్దమైంది. మా అమ్మాయీ నేనూ లోపల కూర్చుని గంటన్నర రికార్డు చేశాం. చివరికి ఇద్దరికీ ఆవలింతలే ఆవలింతలు, తల బరువు. సంగీతం అలసట అనుకున్నాం. మర్నాడు కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు పెట్టుకుని కూర్చున్నాం. ఆరుబయట పది లక్షల వంతుల్లో సుమారు 420 ఉండాల్సింది గంటన్నరలో 1,800 దాటింది. శబ్దం దూరకుండా చేశానని మురిసిపోయాను; దూరకుండా చేసింది గాలిని కూడా. గదికి శబ్దం వద్దు, మనిషికి గాలి కావాలి, రెండూ వచ్చేది ఒకే దారిన.

వెనక గోడ దగ్గర పోయిందనుకున్న 40 సెంటీమీటర్లు అప్పుడు పనికొచ్చాయి. ఆ అరలో బరువైన బోర్డుతో రెండు పొడవాటి పెట్టెలు కట్టాం. ఒకటి గాలి రావడానికి, ఒకటి పోవడానికి. పెట్టె లోపల అడ్డుగోడలు పెట్టి గాలి అయిదు మలుపులు తిరిగేలా చేశాం. ప్రతి గోడకూ లోపల రాక్‌వూల్, అది రేణువులుగా రాలకుండా పైన గుడ్డ. గాలి మలుపులు తిరిగి వచ్చేస్తుంది. శబ్దం ప్రతి మలుపులోనూ ఉన్నికి తగిలి కొంత కొంత చచ్చిపోతుంది. ఫ్యానును గదికి దూరంగా బయటి కొసన పెట్టాం. మొదటిసారి దారి ఇరుకుగా కట్టాను. గాలి బుస్సుమని వచ్చింది, ఆ బుస మైకులో పడింది. దారి వైశాల్యం రెట్టింపు చేస్తే అదే గాలి సగం వేగంతో వస్తుంది. విప్పి మళ్ళీ కట్టాం. ఇప్పుడు గాలి వస్తోందో లేదో తెలుసుకోవడానికి కన్నం ముందు ఒక దారపు పోగు వేలాడదీశాను. అది ఊగుతుంటుంది, చప్పుడు ఉండదు.

గది లోపలి ధ్వని సంగతి వేరే కథ. ఖాళీ గదిలో చప్పట్లు కొడితే ఎదురెదురు గోడల మధ్య పక్షి రెక్కలు కొట్టుకున్నట్టు గరగరమని వినిపించేది. ఇక్కడ నాకు సెబైన్ గుర్తొస్తారు. వాలెస్ సెబైన్ అనే యువ భౌతికశాస్త్రజ్ఞుడికి 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక ఉపన్యాసశాలను బాగుచేయమని అప్పగించారు. అక్కడ మాట అన్నాక అయిదు సెకన్లకు పైగా మోగుతూనే ఉండేది. ఆయన పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీ దిండ్లు రాత్రుళ్ళు మోయించుకొచ్చి, ఒక్కో వరస పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊదించి, ధ్వని ఎన్ని క్షణాల్లో చచ్చిపోతోందో గడియారంతో కొలిచి, తెల్లారేసరికి దిండ్లు తిరిగి పంపేసేవారు. ఆ దిండ్ల మోతలోంచి పుట్టిన సూత్రమే ఇప్పటికీ వాడుతున్నాం: గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, శోషించే వైశాల్యంతో భాగిస్తే ప్రతిధ్వని కాలం. నా గది ఘనపరిమాణం 39 ఘనమీటర్లు. 0.3 సెకన్లలో ధ్వని ఆగిపోవాలంటే దాదాపు 21 చదరపు మీటర్ల శోషణ కావాలి. చిన్న గదుల్లో మంద్రధ్వనులకు ఈ లెక్క సరిగ్గా వర్తించదు. ఎన్ని పలకలు చేయాలో అంచనా వేసుకోవడానికి మాత్రం సరిపోయింది.

పలకలు మేమే చేసుకున్నాం. 10 సెంటీమీటర్ల లోతు చెక్క చట్రం, అందులో రాక్‌వూల్, పైన గుడ్డ. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు లేకుండా రాక్‌వూల్ జోలికి పోకూడదు. ఒక పూట నిర్లక్ష్యానికి రెండు రోజులు గోక్కున్నాను. గుడ్డ ఎంచుకునే పద్ధతి తేలిక: నోటికి ఆనించి ఊదాలి. ఊపిరి అవతలికి పోతే పనికొస్తుంది, పోకపోతే ధ్వని కూడా లోపలి ఉన్నిని చేరదు. నెలల తరబడి గాలి దూరకుండా చూసుకున్న నేను ఇప్పుడు దుకాణంలో నిలబడి ప్రతి గుడ్డనూ ఊదుతున్నాను, గాలి దూరుతుందా అని. అమ్మే అబ్బాయి నన్ను ఎలా చూశాడో చెప్పనక్కర్లేదు.

పలకలను గోడకు అంటించకుండా 10 సెంటీమీటర్ల ఎడంతో నిలిపాం. గోడను తాకే చోట గాలి రేణువులు కదలవు. కదిలే గాలినే ఉన్ని అదుపు చేయగలదు. స్పీకర్ల నుంచి వచ్చే ధ్వని గోడకు ఎక్కడ తగిలి నా చెవికి వస్తుందో తెలుసుకోవడానికి అద్దం చాలు. నేను కుర్చీలో కూర్చుంటే మా అమ్మాయి గోడ వెంట అద్దం జరుపుతూ వెళ్ళింది. అద్దంలో స్పీకర్ కనిపించిన చోటల్లా ఒక పలక. మూలలకు నేల నుంచి కప్పు దాకా ఉన్ని నింపిన త్రికోణపు స్తంభాలు.

అక్కడితో ఆగితే బాగుండేది. మిగిలిపోయిన స్పాంజిని పారేయడం ఇష్టం లేక ఖాళీగా కనిపించిన ప్రతి చోటా అంటించాను, నేలంతా మందపాటి తివాచీ పరిచాను. పలచని స్పాంజి పై స్వరాలనే మింగుతుంది, కింది స్వరాలను ముట్టుకోదు. వయొలిన్ మెరుపంతా పోయింది. నా గొంతు దుప్పటి కప్పుకుని బావిలోంచి మాట్లాడినట్టు వచ్చింది. స్పాంజి మొత్తం పీకేసి, వెనక గోడ పలకల మీద చెక్క పట్టీలు ఎడమెడంగా కొట్టించి, తివాచీ తీసి చిన్న చాప వేశాక వయొలిన్‌కు మళ్ళీ ప్రాణం వచ్చింది.

రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గదిని కొలిచినప్పుడు 50 హెర్ట్జ్ దగ్గర ఒక పెద్ద గొయ్యి కనిపించింది. వెడల్పుకు సరిగ్గా నడుమ కూర్చుంటే వెడల్పు మొదటి అనునాదం అక్కడ దాదాపు వినిపించదు. స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో ఆ స్వరాన్ని ఎంత పెంచినా గొయ్యి పూడదు, స్పీకర్లకే శ్రమ. నడుమ కూర్చోకపోతే కుడి ఎడమల సమతూకం పోతుంది. మూలల స్తంభాలను ఇంకా మందం చేశాను, గొయ్యి కొంత తగ్గింది. మిగిలిన దాన్ని గుర్తు పెట్టుకుని పని చేస్తున్నాను. గొంతుకూ వయొలిన్‌కూ ఆ స్వరంతో పెద్దగా పని లేదు కూడా.

కరెంటు విషయం రెండు ముక్కల్లో: ఎలక్ట్రీషియన్ ఈ గదికి వేరే లైను, సరైన ఎర్తింగ్ ఇచ్చారు. అయినా మొదట్లో స్పీకర్లలో సన్నని గుయ్యిమనే మోత ఉండేది. కంప్యూటర్ ఒక గోడ ప్లగ్గులో, స్పీకర్లు ఎదుటి గోడ ప్లగ్గులో ఉండటం వల్ల రెండు ఎర్త్ దారుల మధ్య వలయం ఏర్పడింది. అన్నిటినీ ఒకే ప్లగ్గు పట్టీకి మార్చి, బయటి మోతను పట్టనివ్వని బ్యాలెన్స్‌డ్ కేబుళ్ళు వాడాక పోయింది. మోత పోవడానికి ఎర్త్ తీగ కత్తిరించమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. ప్రాణం మీదికి వచ్చే సలహా అది.

పనంతా అయ్యాక మళ్ళీ కొలిచాను. లోపల 90 డెసిబెల్స్ పాట పెడితే బయట తలుపు దగ్గర 42. బరువైన లారీ వెళ్తే ఇప్పటికీ నేలలోంచి సన్నగా తెలుస్తుంది. లారీ వెళ్ళేదాకా ఆగి, ఆ వాక్యం మళ్ళీ చదువుతాను.

మేస్త్రీ ఒకసారి చూసిపోదామని వచ్చారు. లోపల కూర్చోబెట్టి రెండు తలుపులూ మూశాను. ఆయన కాసేపు గోడల వైపు, కిటికీలోని ఈగ వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత, "బాగానే ఉందమ్మా. మరి బయట నుంచి ఎవరైనా పిలిస్తే మీకెలా తెలుస్తుంది?" అని అడిగారు.

ఆరు నెలల్లో ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మర్నాడు బయటి గోడకు ఒక మీట, లోపల ఎర్ర దీపం పెట్టించాం. దాని తీగ కోసం రెండు గోడలకూ మళ్ళీ రంధ్రం వేయాల్సి వచ్చింది. ఆ రంధ్రాల చుట్టూ సీలెంట్ నేనే పూశాను.